సినిమా, టీవీ, క్రికెట్ నిజంగా మనల్ని కలుపుతాయా, లేకుంటే కారు దిగేదాకానేనా?

అలిపిరి_క్యాబ్

అందరికీ నమస్తే. నేను తిరుపతిలో టాక్సీ తోల్తా, పదకొండేండ్లయింది. ఈ గ్రూపులో ఎప్పుడూ చదివి పోయేదే గానీ రాసేది లేదు, తప్పులుంటే సర్దుకోండి.

మొన్న ఆదివారం ఒక ట్రిప్పు పడింది. పాట్నా నుంచి వచ్చిన ఫ్యామిలీ, ముసలాయన, కొడుకు, కోడలు, ముగ్గురు పిలకాయలు. కాణిపాకం, అట్నుంచి వేలూరు గోల్డెన్ టెంపుల్, రాత్రికి మళ్ళా తిరుపతి, మామూలు ప్యాకేజీనే. వాళ్ళకి తెలుగు రాదు, నా హిందీ అంటే కిత్నా, కిధర్, పార్కింగ్ అలగ్, అంతటితో సరి. చంద్రగిరి దాటేదాకా బండిలో ఒక్క మాట లేదు, ఏసీ సౌండు తప్ప. అప్పుడు నడిమి పిల్లోడు కిటికీలోంచి కొండల్ని చూపించి "పుష్పా?" అన్నాడు. నేను అద్దంలో వాడి పక్క చూసి గడ్డం కింద చెయ్యి అట్ల తిప్పినా. అంతే ఇంగ, బండి బండంతా లేచింది. ముసలాయన గూడా తిప్పినాడు సామీ, డెబ్భై ఏండ్లుంటాయి! ఆ పిలకాయలకి పాటలన్నీ హిందీలో నోటికొచ్చు, నాకి తెలుగులో వచ్చు, ట్యూన్ ఒకటే గదా, పాకాల దాటేదాకా రెండు భాషల్లో ఒకే పాట పాడుకుంటా పోయినాము.

ఎర్రచందనం చెట్టు చూడాలని ఒకటే గోల. దారిలో ఒక తోట గట్టున ఉంటే బండాపి చూపించినా. వాళ్ళ మొహాలు చూడాల మీరు. బయట బెరడు నల్లగా మొసలి తోలు మాదిరి ఉంటాది, ఎరుపంతా లోపల చేవలో గదా ఉండేది, ఇదేనా అన్నట్టు చూసినారు. అయినా సెల్ఫీలు దిగినారు. మధ్యాన్నం నాకు వాళ్ళే భోజనం పెట్టించినారు, వద్దన్నా వినలే.

రాత్రి లాడ్జి కాడ దిగేటప్పుడు లెక్క చెప్పినా. తమిళనాడు పర్మిట్ డబ్బులు వేరే అని పొద్దున్నే చెప్పినా, వాళ్ళకి అర్థమైందో లేదో నాకి తెలీదు. కొడుకు ఒప్పుకోలే. మాటా మాటా పెరిగింది. చివరికి డబ్బులు ఇచ్చినాడు గానీ లోపలికి పోతా పెండ్లాంతో ఏందో అన్నాడు, అంతా అర్థం కాలే, "మద్రాసీ" అనే మాట మాత్రం అర్థమైంది. పొద్దున్నుంచి బన్నీ ఊరోడు, రాత్రికి మద్రాసీ.

అప్పట్నుంచి మనసులో అదే తిరుగుతా ఉండాది. టీవీల్లో పేపర్లలో ఒకటే చెప్తారు గదా, ఇన్ని భాషలు ఇన్ని కులాలు ఇన్ని మతాలు ఉండే దేశాన్ని సినిమా, క్రికెట్ కలిపి పెట్టినాయి అని. అది నిజమేనా? మీరు చూసింది ఏంది? పుస్తకంలో ఉండేది కాకుండా మీ ఊర్లో మీ ఇంట్లో జరిగింది చెప్పండి.

బుగ్గమఠం_బాబు

అన్నా ముందు రేటు కాయితం మీద రాసి ఇయ్యి. దేశ సమైక్యత తర్వాత చూసుకుందాం 😂

పాత_యాంటెన్నా

తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివినాను. నేను చిత్తూరు పక్క పల్లెలో పుట్టినవాణ్ణి, టీచరుగా చేసి రిటైరైనాను, ఇప్పుడు కొడుకు దగ్గర తిరుపతిలో ఉంటున్నా. కొంచెం పొడుగ్గా రాస్తా, ఏమనుకోవద్దు.

మొదట ఒక మాట. నిన్ను మద్రాసీ అన్నాడని బాధపడినావు గానీ 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. మా నాయన బడి సర్టిఫికెట్ మీద మద్రాసు అనే ఉండేది. ఆ పిల్లోడి నాయన తిట్టాలని తిట్టినాడు, కానీ చరిత్ర ప్రకారం ఆయన లెక్క డెబ్భై ఏండ్లు లేటు, అంతే.

ఇంక టీవీ సంగతి. ఎనభైల్లో మా ఊరికంతా ఒకటే టీవీ, పెద్దింటి వాళ్ళది. యాంటెన్నా ఎటు తిప్పాలి? హైదరాబాదు యాడో ఉంది. మాకు దక్కేది మద్రాసు స్టేషనే. ఇనప గొట్టాల మీద గొట్టాలు కట్టి, మిద్దె మీద ఒకడు నిలబడి తిప్పుతా ఉంటే కింద నుంచి ఇంకొకడు "వచ్చె వచ్చె... పాయె" అని అరిచే కాలం. అట్లా మా ఊరి తెలుగు పిల్లకాయలమంతా శుక్రవారం సాయంత్రం ఒలియుం ఒళియుం అనే తమిళ సినిమా పాటల ప్రోగ్రాం చూసి తమిళ పాటలు నేర్చుకున్నవాళ్ళం. హైదరాబాదులో వాళ్ళు తెలుగు పాటల ప్రోగ్రాం చిత్రలహరి గురించి మాట్లాడుకుంటే మాకు తెలీదు. సొంత రాష్ట్రం వాళ్ళ జ్ఞాపకాలు మాకు లేవు, పక్క రాష్ట్రం వాళ్ళ జ్ఞాపకాలు మాకు ఉన్నాయి, విచిత్రం కాదా ఇది.

1987 జనవరి 25న రామాయణం మొదలైంది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. అంతా హిందీ. మా ఊర్లో హిందీ వచ్చినవాడు ఒక్కడే, రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా నాగపూర్ పక్క చేసి వచ్చిన ఒక పెద్దాయన. ఆయన టీవీ పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవాడు. రాముడు ఒక మాట అంటే ఈయన తెలుగులో నాలుగు మాటలు చెప్పేవాడు, అందులో మూడు ఆయన సొంతం. కైకేయి వరాలు అడిగినప్పుడు అయితే కైకేయి మాట్లాడింది అర నిమిషం, ఈయన తిట్టింది ఐదు నిమిషాలు. ఆడోళ్ళంతా ఆయన చెప్పింది వినే ఏడ్చినారు, టీవీ చూసి కాదు. రాముడి వేషం వేసిన అరుణ్ గోవిల్ కనపడగానే కొబ్బరికాయ కొట్టిన ఇళ్ళు ఉన్నాయి, అది నేను కండ్లతో చూసినా.

ఇంతవరకూ అందరూ చెప్పుకునేదే. చెప్పుకోనిది ఒకటుంది. ఆ పెద్దింటి హాల్లో చాప మీద కూర్చునింది ఎవరు? మా వీధి వాళ్ళం. వసారాలో నిలబడింది ఇంకొందరు. ఊరి బయట నుంచి వచ్చినవాళ్ళు కిటికీ చువ్వలు పట్టుకుని బయట ఎండలో నిలబడి చూసినారు. రాముడు గుహుణ్ణి కౌగిలించుకున్న ఆదివారం కూడా వాళ్ళు కిటికీ బయటే. నాతోపాటు చదివిన ఒకడు ఆ కిటికీ దగ్గర నిలబడేవాడు, నేను లోపల నుంచి చూసి తల తిప్పుకునేవాణ్ణి. రండి అనాలని నాకు తోచలేదు, తోచినా అనే ధైర్యం ఉండేది కాదు. తర్వాత వాడు బ్యాంకులో మేనేజర్ అయినాడు, 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ మళ్ళీ రామాయణం వేసినప్పుడు ఫోన్ చేసి "ఒరే ఈసారి సోఫాలో కూర్చుని చూస్తా ఉన్నా" అన్నాడు. నవ్వుతా అన్నాడు. నేను నవ్వలేకపోయినా. ఆ ఏప్రిల్ 16న ఒక్కరోజే 7.7 కోట్ల మంది చూసినారని దూరదర్శన్ ప్రకటించింది, దేశమంతా ఒకటైపోయిందని మెసేజీలు తిరిగినాయి. నాకు మాత్రం ఆ కిటికీనే గుర్తొచ్చింది.

కాబట్టి నీ ప్రశ్నకి నా జవాబు, టీవీ కలపలేదు, ఆ గ్యాంగ్‌మన్ పెద్దాయన కలిపినాడు, అదీ లోపల ఉన్నవాళ్ళని.

కుప్పం_మూడుభాషలు

సార్ సూపర్ రాసినారు, కిటికీ కాడ నేను ఆగిపోయినా.

నాది కుప్పం, ఇప్పుడు బెంగళూరులో జాబు. మా ఊర్లో ఎవురన్నా మీ మాతృభాష ఏంది అంటే "ఏ టైంలో?" అని అడగాల. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, బస్టాండులో కన్నడం. మా జేజి ఒకే వాక్యంలో మూడు పెట్టి తిడతాది, మూడూ తగులుతాయి.

ఐపీఎల్ వచ్చినప్పుడు మా ఇంట్లో చూడాల. పేరుకి మన టీము హైదరాబాదు. కానీ మా నాయనకి ధోనీ అంటే ప్రాణం, చెన్నై తప్ప ఇంకోటి లేదు, నాకి కోహ్లీ కాబట్టి ఆర్‌సీబీ, మా చిన్నాయన ఒక్కడే సన్‌రైజర్స్, ఆయన్ని మేము పరాయోడి మాదిరి చూస్తాం 😄 మన అంబటి రాయుడు 2018 నుంచి 2023 దాకా చెన్నైకి ఆడినాడు గదా, అప్పుడు చిన్నాయన మనసు ఎట్ల కొట్టుకునిందో ఆ దేవుడికే తెలుసు. మరి ఇది కలపడమా విడగొట్టడమా? నన్నడిగితే కొట్టుకునేదానికి ఒక పద్ధతి దొరికింది అంతే. కావేరి నీళ్ళ గొడవలు వచ్చినప్పుడు బెంగళూరులో తమిళనాడు బండ్లు తగలబడినాయి, 2016లో, మా మామ లారీ హోసూరు కాడ మూడు రోజులు నిలబెట్టుకున్నాడు. చెన్నై బెంగళూరు మ్యాచి నాడు అదే జనం అదే కసితో అరుస్తారు గానీ మ్యాచి అయినాక పక్కోడి కూల్‌డ్రింక్ తాగుతారు.

ఇంకోటి చెప్పాల. పోయిన చైత్ర పౌర్ణమికి ఆఫీసోళ్ళతో బెంగళూరు కరగ చూసేదానికి పోయినా. ద్రౌపదమ్మ పండగ అది, తిగళ వాళ్ళది. మల్లెపూల గోపురం తలకాయ మీద పెట్టుకుని రాత్రంతా తిరుగుతాడు పూజారి, దారిలో మస్తాన్ దర్గా కాడికి పోయి ఆగుతాది. నా పక్కనుండే ఢిల్లీ అబ్బాయి నోరు తెరిచేసినాడు. నాకి మాత్రం ఇదంతా యాడో చూసినట్టే ఉండాది, ఎందుకంటే మన పక్క ధర్మరాజుల గుడి కాడ జరిగే భారతం ఇదే గదా! దాని గురించి తెలిసినోళ్ళు రాయండి, నాకి చిన్నప్పుడు చూసిందే, సగం నిద్రలో.

సరిహద్దు_రాయి

నేను కొంచెం చేదుగా రాస్తా, తిట్టుకోవద్దు.

ఈ "వినోదం దేశాన్ని కలిపింది" అనే మాట ఎప్పుడూ పైనుంచి వస్తాది, కిందనుంచి రాదు. మన జిల్లానే తీసుకోండి. ఒకే సినిమాలు చూసినోళ్ళమే గదా అటోళ్ళు ఇటోళ్ళు. మద్రాసు స్టుడియోల్లో ఒకే సెట్టు మీద పొద్దున తెలుగు షాటు, సాయంత్రం తమిళం షాటు. మిస్సమ్మ 1955లో తెలుగులో మిస్సమ్మ, తమిళంలో మిస్సియమ్మ, సావిత్రి రెండిట్లోనూ సావిత్రే. చిత్తూరు నాగయ్య గారు రెండు భాషల్లోనూ జనానికి దేవుడు. కానీ అవే రోజుల్లో బయట ఏం జరిగింది? ఇటోళ్ళు మద్రాసు మనదే అన్నారు, అటోళ్ళు తమిళ నాయకుడు మ.పొ.శివజ్ఞానం వెనకాల నిలబడి తిరుపతి మాదే అన్నారు. చివరికి 1960లో తిరుత్తణి అటు పోయింది, కొన్ని ఊర్లు ఇటు వచ్చినాయి. సినిమా హాల్లో పక్కపక్కన కూర్చుని ఈలలేసినోళ్ళే బయటికొచ్చి రాళ్ళేసుకున్నారు. ఏం కలిపింది సినిమా?

రామాయణం గురించి పెద్దాయన రాసినారు. ఆ సీరియల్లో సీతగా చేసినామె, రావణుడిగా చేసినాయన ఇద్దరూ 1991లో గుజరాత్ నుంచి ఎంపీలుగా గెలిచినారు. ఏ పార్టీ అనేది నాకు ముఖ్యం కాదు. జనం ఒకచోట కూర్చుని ఒకే బొమ్మని చూస్తా ఉంటే ఆ జనం మీద కన్ను పడేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు అని చెప్తా ఉండా. కలిపేది ఎవరు, కలిపి ఎటు తోల్తారు, అది అడగాల.

ఇంక పాన్ ఇండియా. క్యాబ్ అన్నా, నీ బండెక్కిన పిల్లోడికి పుష్ప తెలుసు, కానీ అది తెలుగు సినిమా అని తెలుసా? హిందీలో హీరోకి డబ్బింగు చెప్పిన గొంతు శ్రేయస్ తల్పడేది, వాడి భాషలోనే విన్నాడు. చిత్తూరు యాసకని ఆ హీరో ఎంత కష్టపడినాడో, ఆ యాస అక్కడికి పోయేసరికి గాల్లో కలిసిపోయింది. మన మాట పోయి మన సైగ మాత్రం మిగిలింది. నువ్వు గడ్డం కింద చెయ్యి తిప్పితే వాడికి అర్థమైంది, నోరు తెరిస్తే మద్రాసీ అయినావు. ఇంతకంటే ఏం కావాల సాక్ష్యం?

కుప్పం తమ్ముడు మూడు భాషలు మాట్లాడేది సినిమా వల్ల కాదు, సంత వల్ల. టమాటా అమ్మాలంటే కోలారోడితో మాట్లాడాల, మామిడికాయలు అమ్మాలంటే కృష్ణగిరి ఫ్యాక్టరీ వాళ్ళతో మాట్లాడాల. కడుపు నేర్పిన భాష అది.

బుగ్గమఠం_బాబు

సరిహద్దన్నా నీ పేరుకి తగ్గట్టే ఉండావు. రాయి.

పాత_యాంటెన్నా

రాయి గారి మాటలో నిజం ఉంది, కాదనను. కానీ ఒక్కటి. బాలసుబ్రహ్మణ్యం గారు 1946లో కోనేటంపేటలో పుట్టినారు, మన నగరికి పిలిస్తే పలికే దూరం, ఇప్పుడది తిరువళ్ళూరు జిల్లా. మీరు చెప్పిన ఆ సరిహద్దు గీత ఆయన ఊరి పక్క నుంచే పోయింది. ఆయన గొంతుని ఏ రాష్ట్రంలో రాస్తారు? ఆరు జాతీయ అవార్డులు, నాలుగు భాషల్లో, తెలుగు, తమిళం, కన్నడం, హిందీ.

ఆ హిందీ అవార్డు కథ కూడా మన క్యాబ్ తమ్ముడికి పనికొస్తుంది. 1978లో బాలచందర్ గారు తెలుగులో తీసిన మరో చరిత్రని 1981లో హిందీలో ఏక్ దూజే కే లియే అని తీసినప్పుడు, ఈ మద్రాసు గొంతు హిందీకి సరిపోదని సంగీత దర్శకులు లక్ష్మీకాంత్ ప్యారేలాల్ వెనకాడినారంట. బాలచందర్ ఏమన్నారంటే, హీరోనే హిందీ సరిగ్గా రాని తమిళ పిల్లోడు, ఉచ్చారణ కొంచెం అటూ ఇటూ అయితే మంచిదే అని. ఆ అటూ ఇటూ అయిన గొంతుకే జాతీయ అవార్డు ఇచ్చినారు. ఇంకో ముచ్చట, ఆ తెలుగు మరో చరిత్ర మద్రాసులో డబ్బింగు లేకుండా తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది. తమిళోళ్ళు భాష రాకుండానే చూసినారు. అప్పట్లో డబ్బింగు లేనందుకే వాళ్ళ చెవిలో నాలుగు తెలుగు మాటలు పడినాయి. ఇప్పుడు అన్నీ అన్ని భాషల్లో ఒకేరోజు వస్తాయి, ఎవరికీ ఎవరి మాటా వినాల్సిన పని లేదు. ఆ మాట వరకూ మీతో ఒప్పుకుంటా.

1988 ఆగస్టు 15న దూరదర్శన్‌లో మిలే సుర్ మేరా తుమ్హారా అనే సమైక్యత పాట వేసినప్పుడు చూసినారా ఎవరన్నా, అందులో సముద్రం ఒడ్డున తమిళ పంక్తి పాడింది మన బాలమురళీకృష్ణ గారు. అప్పటి తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తం ఆయనది. తమిళం పాడేదానికి తెలుగాయన్ని పెట్టినారని అప్పుడు తమిళోళ్ళెవరూ గొడవ చేసినట్టు నాకు గుర్తు లేదు. ఈరోజు పెట్టి చూడండి, ట్విట్టర్ తగలబడిపోతుంది.

పుత్తూరు_పిల్ల

భారతం గురించి కుప్పం అన్న అడిగినాడు గదా, నేను చెప్తా. మా అమ్మ వాళ్ళ ఊరు పుత్తూరు నగరి మధ్యలో ఉంటాది, ఆ ఊర్లో ధర్మరాజుల గుడి ఉండాది. ఎండాకాలం వచ్చిందంటే భారతం పెడతారు. రోజూ మధ్యాన్నం హరికథ, రాత్రికి వీధినాటకం, తెల్లార్లూ. కథ చెప్పే భాగవతారు అటు తిరుత్తణి పక్క నుంచి వచ్చినా ఇటు చిత్తూరు పక్క నుంచి వచ్చినా వినేది ఒకే జనం. నాటకం ఆడే వాళ్ళని మేం కూత్తోళ్ళు అంటాం, కొన్ని రాత్రులు తెలుగు మేళం, కొన్ని రాత్రులు తమిళ మేళం. కట్టియంగాడు ఉంటాడు గదా, నవ్వించేవాడు, వాడికి రెండు భాషలూ రావాల, లేకుంటే వాడికి ఆ రాత్రి డబ్బులు దండగే. తమిళంలో ధర్మరాజు ఏడిస్తే కట్టియంగాడు మధ్యలో దూరి తెలుగులో "ఏం సామీ, పెండ్లాన్ని పందెం పెట్టేటప్పుడు రాని ఏడుపు ఇప్పుడొచ్చిందా" అంటాడు, మా అవ్వ వాళ్ళు పడీ పడీ నవ్వుతారు. యాంటెన్నా సార్ చెప్పిన గ్యాంగ్‌మన్ పెద్దాయన లేడూ, ఆయన కట్టియంగాడే సార్! మీ ఊరోళ్ళకి హిందీ రాకపోయినా రామాయణం అర్థమైందంటే, మన పక్క ముందునుంచీ అట్లనే చూసేది అలవాటు కాబట్టే, ఒకడు ఆడతా ఉంటే ఇంకొకడు పక్కన నిలబడి చెప్తా ఉండాల.

అర్జున తపస్సు నాడు చూడాల మీరు. పెద్ద మాను నాటుతారు, దానికి మెట్ల మాదిరి కట్టెలు కొడతారు. అర్జునుడి వేషం కట్టినాయన ఒక్కో మెట్టుకి ఒక్కో పద్యం పాడతా పైకి పోతాడు, కింద పిల్లలు లేనోళ్ళు తడి చీరల్తో కొంగు పట్టుకుని ఉంటారు, పైనుంచి నిమ్మకాయలు, విభూతి వేస్తాడు. మా పెద్దమ్మ పదేండ్లు పట్టింది కొంగు. ఆమె పక్కన ఒకసారి తిరువళ్ళూరు నుంచి వచ్చినామె, ఇంకోసారి బుర్ఖా వేసుకున్న ఒకామె నిలబడినారని ఇప్పటికీ చెప్తాది. పెద్దమ్మకి బిడ్డ పుట్టలే, అది వేరే కథ. కానీ ఆ తిరువళ్ళూరామె ఇప్పటికీ సంక్రాంతికి ఫోన్ చేస్తాది, ఈమె తెలుగులో ఆమె అరవంలో మాట్లాడుకుంటారు, అరగంట.

ఆఖరి రోజు దుర్యోధన వధ. మట్టితో ఇంత పెద్ద దుర్యోధనుణ్ణి పండేసి ఉంటారు, మధ్యాన్నం ఎండలో భీముడి వేషమాయన గదతో తొడ మీద కొడతాడు, అప్పుడు ద్రౌపది జుట్టు ముడేసుకుంటాది. సాయంత్రం నిప్పుల గుండం తొక్కేది. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు నిప్పులు తొక్కినోళ్ళలో మా తెలుగోళ్ళు, మొదలియార్లు, ఇంకా ఊరి బయట కాలనీ వాళ్ళూ ఉన్నారు. సార్ మాదిరి నిజం చెప్పాలంటే, వరస ఉండేది. ఎవురు ముందు తొక్కాల, ఎవురు తర్వాత అని. ఒక ఏడాది దాని మీద గొడవై గుండం రాత్రి పదకొండు దాకా ఆగిపోయింది, పోలీసులొచ్చినారు. కాబట్టి అంతా ఒక్కటే అని నేను చెప్పను. అయినా మర్నాడు పొద్దున ధర్మరాజు పట్టాభిషేకానికి గొడవ పడినోళ్ళంతా వచ్చినారు, మొహాలు తిప్పుకునే వచ్చినారు, వచ్చినారు గానీ.

రాయి అన్నా, మీరు చెప్పినట్టు ఆ గీత గీసేటప్పుడు మా ఊరు ఇటు పడింది, మా మేనత్త ఊరు అటు పడింది. భారతానికి మాత్రం ఇప్పటికీ చందా రెండు పక్కల నుంచీ వస్తాది. ఎవురూ మాకి ఐక్యత అని క్లాసు పీకలే. నాటకం మంచిగుంటే వస్తారు, బాలేకుంటే రారు, అంతే.

ఇంకోటి మర్చిపోయినా, టీవీ మహాభారతానికి మాటలు రాసినాయన రాహీ మాసూమ్ రజా, ముస్లిం. అర్జునుడు వేసినాయన అసలు పేరు ఫిరోజ్ ఖాన్, ఆ వేషం తర్వాత పేరే అర్జున్ అని మార్చుకున్నాడు. 1988 నుంచి 90 దాకా మా అవ్వ ఆయనకి దండం పెట్టింది. ఈ సంగతి మొన్న నేను చెప్తే "అయితే ఏందే, మన ఊరి తపసు మాను ఎక్కేవాడు ఏం కులమని ఎప్పుడన్నా అడిగినామా" అంది. అడిగినారు అవ్వా, నాకు తెలుసు, అయినా గమ్ముగా ఉన్నా.

సరిహద్దు_రాయి

మొహాలు తిప్పుకునే వచ్చినారు అనే మాట బాగుంది అమ్మాయీ. దీనికి నా దగ్గర జవాబు లేదు. వచ్చే ఏడు భారతం ఎప్పుడో చెప్పు, వస్తా. కథ వింటా, నిప్పులు మాత్రం తొక్కను, షుగరు.

కుప్పం_మూడుభాషలు

అక్కా కట్టియంగాడి లైను చదివి ఆఫీసులో గట్టిగా నవ్వినా, మేనేజర్ వచ్చి చూసి పోయినాడు. ఆయనది భోపాల్. ఆయనకి అర్థం చెప్పేదానికి ఇరవై నిమిషాలు పట్టింది, ధర్మరాజు ఏడుపు దాకా ఓకే, సామీ అనే పదం కాడ ఆగిపోయినాడు. దాన్ని హిందీలో ఏమనాల? జీ అంటే సరిపోదు.

అలిపిరి_క్యాబ్

అందరికీ థాంక్స్. రెండు ట్రిప్పుల మధ్యలో చదివినా, బండి పక్కన పెట్టుకుని.

యాంటెన్నా సార్, కిటికీ గురించి మీరు రాసింది చదివి మా నాయనకి వినిపించినా. ఆయన ఏం అనలే, కాసేపటికి "మేము గూడా కిటికీ బయటే చూసినాము" అన్నాడు. ఇన్నేండ్లలో నాకి ఎప్పుడూ చెప్పలే ఆ మాట. ఏ ఊరో ఎవరింట్లోనో అడగబోయినా, లేచి పోయినాడు.

రాయి అన్నా, ఆ పిల్లోడికి అది తెలుగు సినిమా అని తెలుసా అని అడిగినావు గదా, తెలుసన్నా. నాతో తెలుగులో ఒక మాట చెప్పించుకుని రాసుకున్నాడు, వాళ్ళ బడిలో ఫ్రెండ్స్‌కి చెప్తాడంట. ఏ మాటంటే, గోల్డెన్ టెంపుల్ కాడ ఎండకి కాళ్ళు కాల్తా ఉంటే నేను అబ్బబ్బా అని ఎగిరినా, ఆ అబ్బబ్బా రాసుకున్నాడు. అది పోస్టులో రాయలే, రాత్రి గొడవ కోపంలో మర్చిపోయినా.

సరే ఇప్పుడు అసలు పని. రేపు పొద్దున ఐదుకి కోల్‌కతా వాళ్ళ ట్రిప్పు ఉండాది, మళ్ళా అదే ప్యాకేజీ. బాబు చెప్పినట్టు కాయితం మీద రాసి ఇస్తా. తమిళనాడు పర్మిట్ డబ్బులు వేరే, ప్యాకేజీలో కలవదు అని హిందీలో ఎట్ల చెప్పాల? తెలుగు అక్షరాల్లో రాయండి, నాకి ఆ లిపి రాదు.

కుప్పం_మూడుభాషలు

"తమిళనాడు కా పర్మిట్ అలగ్ సే దేనా పడేగా, ప్యాకేజ్ మే షామిల్ నహీ హై." ముందు "సర్ జీ" పెట్టన్నా.

పుత్తూరు_పిల్ల

అన్నా కోల్‌కతా వాళ్ళంటే బెంగాలీ గదా. వాళ్ళలో పెద్దోళ్ళకి హిందీ వస్తాదో రాదో. మా హాస్టల్లో ఒక బెంగాలీ అమ్మాయి ఉంది, పది నిమిషాలు ఆగు, అడిగొచ్చి చెప్తా.

బుగ్గమఠం_బాబు

రేటు గూడా అంకెల్లో రాయన్నా. అంకెలు అందరికీ ఒకటే 🙏